బలం మాత్రలు

మా చెల్లెలి కాళ్ళకు పసుపు రాయడమంటే ఇద్దరి పని. ఒకరు చీలమండ గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు రాయాలి. అరికాలికి వేలు తగిలిందంటే చాలు, కితకితలతో కాలు లాక్కుని పడీపడీ నవ్వేది. పెళ్ళిలో పారాణి పెట్టేటప్పుడైతే గిన్నెనే తన్నేసింది. అమ్మ పట్టుచీరంతా ఎర్రనీళ్ళు. "ఒసేయ్, దేవుడు నీకు కాళ్ళిచ్చాడా, గుర్రపు డెక్కలిచ్చాడా?" అని నేను అరిస్తే ఇంకా నవ్వింది.

నరసరావుపేట బజారులో దాని మొగుడికి, అంటే మా మరిదికి, కిరాణా కొట్టుంది. గల్లాపెట్టె దగ్గర చెల్లెలే కూర్చునేది. చిన్నప్పటి నుంచీ బొద్దు మనిషే, కాన్పుల తర్వాత బాగా ఒళ్ళు చేసింది. షుగరొచ్చింది, మోకాళ్ళు అరిగాయి, వీధి చివరిదాకా నడిస్తే ఆయాసం. అది షేర్ ఆటో ఎక్కబోతుంటే లోపల కూర్చున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. వాళ్ళ చెంపలు పగలగొట్టాలనిపించేది నాకు.

గుంటూరు వెళ్ళి బరువు తగ్గడానికి లోపలి పొట్టను చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుంది. ఆ ఆపరేషన్ని నేను తిట్టను. షుగర్ మాత్రలు ఆగిపోయాయి. కోటప్పకొండ మెట్లెక్కి పైనుంచి నాకు వీడియో కాల్ చేసింది. "ఆయాసం లేదక్కా! చూడు, మాట్లాడతన్నా!" అని అది అక్కడ అరుస్తుంటే ఇక్కడ నేను ఏడ్చాను.

డాక్టరు ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పి పంపాడు. తినేది తక్కువ, అందులో ఒంటికి పట్టేది ఇంకా తక్కువ, కాబట్టి విటమిన్ మాత్రలు, ఇంజెక్షన్లు బతికినంత కాలం ఆపకూడదని. మందుల షాపతను వాటిని బలం మాత్రలన్నాడు. ఇంట్లో అందరికీ అదే పేరు అలవాటైంది. మా వైపు బలం మందు దేనికి తాగిస్తారు? బక్కపిల్ల పెళ్ళిచూపులకు కాస్త ఒళ్ళు చెయ్యడానికి. ఆ పేరే మా కొంప ముంచింది.

కొన్నేళ్ళకు చెల్లెలు మళ్ళీ కాస్త బరువు పెరిగింది. అలా కొంత పెరగడం మామూలేనని మాకు తర్వాత తెలిసింది. దానికి మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. పట్టని జాకెట్లు మంచం మీద కుప్ప పోసుకుని ఏడ్చింది. ఆటోలో ఆ చూపులు గుర్తొచ్చి మాత్రలు మానేసింది, ఇంజెక్షన్లకూ వెళ్ళలేదు. తిండి సరేసరి, కాస్త ఎక్కువైతే వాంతే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. జుట్టు రాలిపోతుంటే అమ్మ దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది.

నాకు తెలిసింది నడిబజారులో. అది ముందు నడుస్తోంది, నేను వెనక. దాని ఎడమకాలి చెప్పు ఊడిపోయింది. అయినా ఆగలేదు. కాలిపోతున్న రోడ్డు మీద వట్టికాలితో అలాగే నడిచి వెళ్తోంది.

చెప్పు చేతికి తీసుకుని, "ఏమే, నీ చెప్పు!" అని అరిచాను.

వెనక్కి తిరిగి నా చేతిలోని చెప్పు చూసింది, తర్వాత తన కాలు చూసుకుంది.

"ఎప్పుడూడిందక్కా?"

అప్పుడు చెప్పింది. మొదట పాదాల్లో మంటలట, తర్వాత తిమ్మిర్లట, ఇప్పుడు దూది మీద నడిచినట్టు ఉంటోందట.

"మాత్రలేసుకోవట్లేదా ఏంటే?"

"బలం మాత్రలు కదక్కా. మళ్ళీ లావైపోతానని ఆపేశా."

ఆ చెప్పుతోనే కొడదామన్నంత కోపం వచ్చింది. దాని ముఖం చూసి, వంగి ఆ చెప్పు కాలికి తొడిగాను.

గుంటూరులో డాక్టరు పాదాలు సూదితో గుచ్చి చూశాడు. "వీటిలో లావు చేసేదేమీ లేదమ్మా, ఇవి నరాలకు తిండి," అన్నాడు. మళ్ళీ ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. ఇక ముదరకుండా ఆగొచ్చు గానీ, పోయిన స్పర్శ ఎంత తిరిగొస్తుందో చెప్పలేనన్నాడు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. అప్పటి నుంచి మరిది రోజూ తనే మాత్రలు చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడుతున్నాడు. "ఇయ్యాల కాస్త తెలుస్తందక్కా," అని చెల్లెలు ఫోన్‌లో చెప్పేది. నేను నమ్మేదాన్ని. నమ్మకపోతే ఎట్లా?

మొన్న శ్రావణ శుక్రవారం మా ఇంట్లో పేరంటం. అది గోడ పట్టుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. నేను పసుపు కలుపుకుని దాని ముందు నేల మీద కూర్చున్నాను. చీలమండ పట్టుకోమని ఎవరినీ పిలవలేదు. పసుపుగిన్నె కావాలనే దాని కాలి దగ్గర పెట్టాను. తన్నితే బాగుండునని ఉంది నాకు, నా చీరంతా పాడైనా సరే.

అది పక్కింటి పిన్నితో మాటల్లో పడింది. కుడికాలికి రాశాను, ఎడమకాలికి రాశాను. అరికాలి మీద వేలితో గీశాను. మళ్ళీ గీశాను. కాలు కదల్లేదు. దాని కుచ్చిళ్ళు పాదాల మీదికి లాగి సర్దాను.

పిన్ని అటు వెళ్ళగానే చెల్లెలు నా వైపు తిరిగింది. నా చేతికున్న పసుపు చూసి నవ్వుతూ చీర కాస్త పైకి పట్టుకోబోయింది.

"రాయక్కా, ఈసారి తన్నన్లే."