మార్చిన అంకె

ఆసుపత్రిలో ఆయన్ని అందరూ సెట్టింగుల బాబాయ్ అనేవారు. ల్యాబు రిపోర్టుల ప్రోగ్రాము ఎవరో రాసి వెళ్లిపోయారు. ఏ ఫలితం ఏ అంకె దాటితే డాక్టరు ఫోనుకు హెచ్చరిక పోవాలో ఫైల్లో రాసిపెట్టడం బాబాయ్ పని. సర్వరు మొదలైనప్పుడు ప్రోగ్రాము ఆ ఫైలును ఒక్కసారి చదువుకుంటుంది. ఆపి మళ్లీ మొదలుపెట్టేదాకా అటు తిరిగి చూడదు. తన మొగుడూ అంతేనని, పొద్దున కాఫీ దగ్గర చెప్పిందే చెవికెక్కుతుందని పిన్ని అంటుండేది.

సోమవారం పెద్ద డాక్టరు రక్తంలో పొటాషియం హద్దు ఏడు నుంచి ఆరుకు దించమన్నాడు. బాబాయ్ ఫైల్లో దించాడు. సర్వరు ఆపితే కౌంటర్లన్నీ నిలిచిపోతాయి. క్రితంసారి వరుసలోని జనం పెట్టిన శాపనార్థాలు ఆయనకింకా గుర్తే. రద్దీ తగ్గాక చూద్దామనుకుని, మార్చేశానని కబురుపెట్టి భోజనానికి వెళ్లాడు. కడుపు నిండాక ఆ సంగతి గాలికెగిరిపోయింది.

గురువారం ఆరో వార్డులో ఒక టీచరమ్మ చనిపోయింది. పొటాషియం ఆరు పాయింట్ ఎనిమిది. హెచ్చరిక వెళ్లలేదు. హద్దు మారిందని అందరికీ తెలుసు. రోగి పోయాక ఎక్కించిన ఫలితానికి హెచ్చరిక పోదు కనుక, ల్యాబమ్మాయి ఫలితం ఆలస్యంగా ఎక్కించి టైము దిద్దిందని తేల్చారు. ఆ పిల్ల పదకొండేళ్ల ఉద్యోగం వచ్చే సోమవారం విచారణతో ఊడేలా ఉంది.

శుక్రవారం బాబాయ్ సర్వరు తెర చూశాడు. ఆపకుండా నలభై ఒక్క రోజులుగా నడుస్తోంది. సోమవారం మార్చిన హద్దు ప్రోగ్రాముకు చేరనే లేదు. మిగతా రోగుల కోసం వెంటనే ఆపి మొదలుపెట్టక తప్పదు. పెడితే ఆ లెక్క చెరిగిపోతుంది. తెరను కాగితం మీద అచ్చు తీసి, మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు మొదలుపెట్టాడు. రెండు రోజులు ఆ కాగితం జేబులోనే ఉంది. పిన్ని చొక్కా ఉతుకుతానంటే కసురుకున్నాడు.

విచారణలో సూపరింటెండెంటు ఒప్పుకొమ్మని ల్యాబమ్మాయిని నయానా భయానా అడుగుతున్నాడు. బాబాయ్ లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. ఎవరో కిసుక్కుమన్నారు.

“ఆ పిల్ల తప్పేం లేదు సార్. నాదే.”

“హద్దు మార్చానని నువ్వే కదయ్యా కబురుపెట్టావ్?”

“ఫైల్లో మార్చాను సార్. సర్వరు ఆపి మొదలుపెట్టలేదు. ప్రోగ్రాముకి ఆ సంగతి తెలీదు.”

కాగితం బల్ల మీద పెట్టాడు. చెమటకు మడతలు అతుక్కుపోయి, విప్పడానికి చాలాసేపు పట్టింది.

ల్యాబమ్మాయిని పనిలోకి వెళ్లమన్నారు, బాబాయ్‌ని ఇంటికి. నడవలో ఆమె ఆగింది.

“ఎప్పుడు తెలిసింది బాబాయ్?”

“శుక్రవారం.”

“నిన్న మా అమ్మ అడిగింది, నిజంగానే దిద్దావా అని.”

ఆ ఒక్క మాటే అని ల్యాబులోకి వెళ్లింది. ట్రేలో రక్తం సీసాలు పేరుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి చీటీలు చదవసాగింది.