బురఖా చాటున

బెల్లంపల్లి గనిలో పైకప్పు కూలి బాపు నడుము విరిగింది. నన్ను కన్న అవ్వ పోయినప్పటి నుంచి ఆయన పనులన్నీ నేనే చేసేదాన్ని. ఎప్పుడూ పక్కన ఒక మనిషి ఉండాల్సినవాళ్లకు నెలనెలా వచ్చే పింఛను పైసలకు తోడు ఇంకొంత ఇస్తారని తెలిసి, ఆ రోజు మంచిర్యాల డాక్టరుకు చూపించడానికి తీసుకెళ్లాను.

"దొడ్డికి కూడా బిడ్డనే తీస్కపోతదా?" అని డాక్టరు నలుగురిలో గట్టిగా అడిగాడు.

బాపు తల వంచుకుని, "అవు సారూ" అన్నాడు.

పక్కన మనిషి ఉండాల్సిందేనని డాక్టరు రాసిచ్చాడు.

స్టేషన్లో బండి కోసం కూర్చుని ఉండగా ఆయన ధోతి తడిసింది. పక్కవాళ్లు ముక్కు మూసుకుని లేచిపోయారు. మార్చడానికి ఎక్కడా చాటు లేదు. పొడి ధోతి చేతిలో పట్టుకుని, సిగ్గుతో అట్లాగే నిలబడిపోయాను.

ఎదురుగా కూర్చున్న ఒక ముసలామె లేచి వచ్చింది. తన బురఖా విప్పి మా ముందు తెరలా పట్టుకుంది. నెరిసిన తల, ముఖం అందరికీ కనిపిస్తున్నాయి.

"అమ్మా, అందరు నిన్నే చూస్తున్నరు" అన్నాను.

"చూడనియ్యి బేటీ. నీ బాపును చూడకుంటె చాలు. జర జల్ది కట్టు" అని ముఖం పక్కకు తిప్పుకుంది.

బాపు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. సిగ్గుకే అనుకున్నాను. ధోతి కట్టడం అయిపోయినా తెరవలేదు.

"ఆమె బురఖా ఏసుకున్నదా, బిడ్డా?" అని మెల్లగా అడిగాడు.

"ఏసుకున్నది బాపూ" అన్నాకే కళ్లు తెరిచాడు.