మందారం మొదట్లో పోసిన అంబలి

మా ఎదురింటి మామ్మ పోయింది. విశాఖలోని పెద్దాసుపత్రి నుంచి ఫోను పక్కింటి జీపు బాబాయికి వచ్చింది. పది రోజుల క్రితం ఆమెను అక్కడికి తీసుకువెళ్ళింది ఆయన జీపులోనే. తెల్లవారినా మంచు ఇంకా విడవలేదు. ఆయన మా గేటు దగ్గరే నిలబడి, "మామ్మ ఎలిపోనాది, వదినా" అని అమ్మతో చెప్పాడు. అమ్మ చేతిలోని పాలగిన్నె గట్టు మీద పెట్టింది. నేను పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాను.

శీతాకాలంలో అరకు వచ్చేవాళ్ళు కొందరు మా వీధిలో ఆగి పూలను ఫోటోలు తీసుకుని వెళ్తుంటారు. మీలో ఎవరైనా అలా ఆగి ఉంటే, ఆ పూలు నాటించింది ఆమె. నాటింది అందరం. ఆమె ఉంటే ఈ తేడా కూడా ఒప్పుకోదు. "నాదేటున్నాది? మన ఈదిది" అంటుంది.

మామ్మ అనంతగిరి వైపు కొండ మీది ఊరి నుంచి వచ్చింది. జీవితమంతా కాఫీ నర్సరీలో పని చేసింది. నల్ల కవర్లలో మట్టి నింపడం, గింజ పెట్టడం, మొలిచినదాన్ని నీడ పందిరి కింద పెంచడం, కొండ మీదికి పోయే లారీకి ఎక్కించడం. తను నింపిన కవర్లలోని మొక్కలు ఏ కొండ మీద పెరిగాయో ఆమె ఎప్పుడూ చూడలేదట. నాకు ఆ మాట విన్నప్పుడు బాధ వేసింది. ఆమెకు అందులో బాధపడే సంగతేమీ కనిపించలేదు.

ఆమెకు అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోపల పెట్టుకునేది. అది నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడదు. ఏదైనా అడిగితే తల ఊపి, పొగ పూర్తయ్యాక, మనం అడిగిన సంగతి మనమే మరిచిపోయాక జవాబు చెప్పేది. మాటలు తడుముకునే నాలాంటి దానికి ఆ ఆలస్యం హాయిగా ఉండేది. నన్ను "సదువుల గుంట" అని, అంటే చదువుకునే పిల్ల అని పిలిచేది. గుల్ల చేసిన మట్టి మీద చెప్పులతో అడుగు పెట్టేది కాదు. విత్తనాన్ని నేలలో వేసేముందు కాసేపు గుప్పిట్లో మూసి ఉంచేది. ఎందుకని అడిగితే, "సల్లగా ఉంది గదా నేల. కూసింత వేడి ఇచ్చి పంపాల" అంది.

పంచాయతీ మా వీధికి సిమెంటు రోడ్డు వేసినప్పుడు రెండు వైపులా కాలువ వరకు మూడడుగుల మట్టి మిగిలింది. ఏడాది తిరక్కుండా అందులో వయ్యారిభామ కలుపు మొలిచింది. ఆ మొక్కల మధ్య అట్టప్లేట్లు, నీళ్ళ సీసాలు, టూరిస్టు కార్ల టైర్ల గుంతలు. మొదట ఎవరి ఇంటి ముందు వాళ్ళు బాగుచేసుకున్నారు. ఒకరు ఇటుకలు పేర్చారు, ఒకరు పాత చీరతో దడి కట్టారు. అమ్మ గులాబీలు పెట్టి చుట్టూ ముళ్ళకంప వేసింది. మేకలు దడి లేని చోట దూరి దడి ఉన్న చోటికి లోపలి నుంచి వచ్చాయి. గులాబీలు పోయాయి. మేకల వల్ల రెండు ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి.

అప్పుడు మామ్మ మా అందరినీ కాలువ గట్టు మీద కూర్చోబెట్టి చెప్పింది. "ఎవులి గుమ్మం కాడ ఆళ్ళు నాటుకుంటే ఈది ముక్కలైపోద్ది. మా ఊర్లో ఒక రోజు అందరం ఒకలి పొలంలో దిగుతాం. మర్నాడు ఇంకోలి పొలంలో. ఎవులి పొలమో ఆళ్ళు మాత్రం ఒంగరు. అంబలి కాసి పోత్తారు. అంతే."

"మన ఇంటి ముందు మనం ఒంగకూడదా?" అంది అమ్మ.

"ఒంగకూడదు అమ్మగోరూ. మీ ఇంటి ముందు నేను ఒంగుతాను. మా ఇంటి ముందు మీరు ఒంగాల."

"ఇదేదో బాగుంది, మామ్మా. నా వంతు నాడు కాలు మీద కాలేసుకుని కూకుంటాను" అన్నాడు జీపు బాబాయి.

"కూకోనివ్వరు. అంబలి ఎవులు కాత్తారు, మీ తాతొచ్చి కాత్తాడేటి?"

అలా ఆదివారాలు మొదలయ్యాయి. చర్చికి వెళ్ళేవాళ్ళు ప్రార్థన నుంచి వచ్చాక అందరం బయటికి వచ్చేవాళ్ళం. పద్నాలుగు ఇళ్ళు, వారానికి ఒక ఇల్లు. బంతి, కాశీరత్నం, మెట్టతామర, మందారం. ఇంటి ముందు ఏ మొక్క రావాలో ఆ ఇంటివాళ్ళు అడగకూడదు, ఇచ్చింది పెంచుకోవాలి. మేకల వల్ల ఆగిపోయిన మాటలు మళ్ళీ మొదలయ్యాయి, ఎందుకంటే ఒకరి గుమ్మం ముందు గంటసేపు మట్టి తవ్వుతూ మాట్లాడకుండా ఉండడం కష్టం.

ఇప్పుడు నేను చెప్పవలసిన సంగతికి వచ్చాను.

మామ్మ వంతు వచ్చిన మొదటి ఆదివారం మేమంతా ఆమె గుమ్మం ముందు మందారాలు నాటాం. ఆమె రాగిపిండితో చోడి అంబలి కాసి, కుండలో పులియబెట్టి, స్టీలు గ్లాసుల్లో పోసి అందరికీ ఇచ్చింది. అమ్మ చేతులు కడుక్కుంటూ, "ఇవాళ నాకు ఉపవాసం" అంది. పొద్దున మా ఇంట్లో అమ్మ ఇడ్లీ తింది. మా వాళ్ళు కొన్ని ఇళ్ళలో తింటారు, కొన్ని ఇళ్ళలో తినరు. ఎందుకో ఎవరూ చెప్పరు, చిన్నప్పటి నుంచి చూసి నేర్చుకోవడమే. అంతకు ముందు ఆదివారం జీపు బాబాయి ఇంట్లో అమ్మ రెండు గ్లాసులు తాగింది. వాళ్ళది మా శ్రీకాకుళం వైపే.

నా చేతిలో గ్లాసు ఉంది. అమ్మ నా వైపు చూసింది. చూసింది అంతే. నేను గ్లాసు పట్టుకుని వరసలో చివరి మందారం దగ్గరికి నడిచి, మొక్కకు మట్టి సర్దుతున్నట్టు వంగి, అంబలి దాని మొదట్లో పోసేశాను. ఖాళీ గ్లాసు తెచ్చి మామ్మకిచ్చాను. ఆమె తీసుకుని దాంట్లోకి చూసి, పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఎవరిదో కోడి పిల్లలతో వచ్చి ఆ చోటంతా గీరేసింది. మందారం వేళ్ళతో సహా పక్కకి పడి ఉంది. అందరూ పోగయ్యారు. జీపు బాబాయి మట్టి వేళ్ళతో తీసి వాసన చూశాడు.

"ఇది అంబలి. ఎవులు పోసేరిక్కడ?"

అమ్మ గేటు లోపల ఉండిపోయింది. మామ్మ నోట్లో చుట్ట ఉంది. ఆ రోజు మాత్రం ఆమె పొగ అయ్యేదాకా ఆగలేదు. చుట్ట తీసి, "నానే పోసినాను" అంది. "కొత్త మొక్క గదా. మా ఊర్లో ముందు మొక్కకి పోసి అప్పుడు తాగుతాం. మీకు సెప్పడం మరిసిపోనాను."

"ముందే సెప్తే మేమూ పోద్దుం కదేటి" అని బాబాయి మందారాన్ని నిలబెట్టి మట్టి తొక్కాడు.

నేను నోరు విప్పలేదు. నేను చదివిన కాన్వెంటులో క్రైస్తవ పిల్లలు పాపసంకీర్తనానికి, అంటే ఫాదరు దగ్గర తమ తప్పులు చెప్పుకోడానికి వెళ్ళినప్పుడు మేము కొందరం వరండాలో కూర్చునేవాళ్ళం. వాళ్ళు బయటికి వచ్చేటప్పుడు ముఖాలు తేలికగా ఉండేవి. లోపల ఏం చెబుతారో, ఎలా మొదలుపెడతారో నాకు తెలియదు. ఆ రోజు వీధి మధ్యలో నిలబడి అదే ఆలోచించాను, ఎలా మొదలుపెడతారు అని.

ఆ తరువాతి ఆదివారం నుంచి వీధిలో అందరూ అంబలి తాగేముందు కొత్తగా నాటిన మొక్క మొదట్లో కొంచెం పోయడం మొదలుపెట్టారు. వీధిలో కొండవాళ్ళ ఇళ్ళు మరికొన్ని ఉన్నాయి. ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి అనుకుని వాళ్ళూ పోశారు. మా వంతు నాడు అమ్మ ఉప్మా, టీ చేసింది. బాబాయి టీ కూడా మొక్కకు పోయబోతే మామ్మ చెయ్యి పట్టుకుంది. "టీ వద్దురా, దానికి రాత్రి నిద్దర పట్టదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా పిరికితనం మా వీధికి ఆచారం అయిందని ఆ నవ్వుతున్న వాళ్ళలో ఇద్దరికే తెలుసు.

మామ్మ వంతు మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఆ ఆదివారాలు, మిగతా కొండవాళ్ళ వంతులప్పుడూ నాకు పరీక్షలు ఉండేవి, లేని పరీక్షలు. అమ్మకు ఉపవాసాలు ఉండేవి. "మామ్మ వంతు వచ్చీసరికి మా వదినకి దేవుడు గుర్తొత్తాడు" అని జీపు బాబాయి ఒకసారి అందరి ముందూ అన్నాడు. మామ్మ ఆయన మీద కసురుకుంది. నా గురించి ఎవరూ ఏమీ అనలేదు. చదువుకునే పిల్లని ఎవరూ ఏమీ అనరు.

ఈ శీతాకాలం ఆమెకు ఆయాసం వచ్చింది. మరునాడు విశాఖ తీసుకువెళ్తారని తెలిసి, సాయంత్రం నేను రోడ్డు దాటి వెళ్ళాను. పది అడుగుల రోడ్డు అది. పాచిపెంట దగ్గరి అత్తవారింటి నుంచి ఆమె కూతురు వచ్చి ఉంది. మామ్మ గోడకి ఆనుకుని, దుప్పటి కప్పుకుని కూర్చుంది. కూతురు నీళ్ళకు బయటికి వెళ్ళేదాకా ఆగాను.

"మామ్మా, ఆ రోజు మందారం దగ్గర అంబలి పోసింది నేను."

"నాకు తెల్దేటి? తాగినోళ్ళ గలాసుకి మూతి మరకుంటాది. నీ గలాసుకి నేదు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

చుట్ట మానేసి చాలా రోజులైంది, అయినా ఆమె పాత అలవాటు ప్రకారం కాసేపు ఆగింది.

"సెప్తే నువ్వు సిగ్గుపడి మళ్ళీ మా గుమ్మం ఎక్కవనుకున్నాను." ఊపిరి తీసుకుంది. "సెప్పకపోయినా ఎక్కనేదు గదే."

ఇప్పటికీ ఆ మాట దగ్గరే ఆగిపోతాను. అందులో కోపం లేదు. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది. నేను అంబలి అడిగాను. కూతురు వచ్చి పోసి ఇచ్చింది. అక్కడే, ఆమె చూస్తుండగా మొత్తం తాగాను.

"ఎలాగున్నాది?"

"పుల్లగా ఉంది, మామ్మా."

"ఈసారి అబద్దం ఆడనేదు" అని నవ్వబోయి దగ్గింది. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే.

దినం అయిన తరువాతి ఆదివారం మామ్మ ఇంటి వంతు. మానేద్దామా అని ఎవరూ అడగలేదు. కూతురు అంబలి కాసింది. మేము కాలువ పక్కన బంతినారు నాటాం. గ్లాసులు చేతికి వచ్చాక అందరూ అలవాటుగా వంగి, నారు మొదట్లో కొంచెం కొంచెం పోశారు. కూతురు చూస్తూ నిలబడిపోయింది.

"ఏటండీ, అలాగ నేల పాలు సేత్తన్నారు?"

"మీ ఊరి పద్ధతే కదమ్మా" అన్నాడు బాబాయి. "మామ్మే సెప్పింది."

"మా ఊర్లోనా? మా అమ్మ సుక్క కింద పడనిచ్చేది కాదు. మా సిన్నప్పుడు అంబలి దొరకని రోజులు సూసినాం. నేల మీద పోత్తే సెయ్యి మీద కొట్టేది."

మామ్మ నా కోసం ఏం చెప్పిందో నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది. తను ఎన్నడూ చెయ్యని పనిని, తన పిల్లల్ని చెయ్యనివ్వని పనిని తన పద్ధతి అని చెప్పి, ఆ తరువాత ప్రతి ఆదివారం అది జరుగుతుంటే చూస్తూ నిలబడింది.

నేను ఎప్పుడూ పదిమందిలో మాట్లాడలేదు. ఎలా మొదలుపెట్టాలో ఆ రోజూ తెలియలేదు. "ఆ అంబలి పోసింది నేను" అన్నాను. "తాగకుండా పారబోశాను. మామ్మ నా మీదికి రాకుండా తన మీద వేసుకుంది." ఎందుకు పారబోశానో కూడా చెప్పాను. అమ్మ అక్కడే ఉంది. అమ్మ ముందే చెప్పాను.

జీపు బాబాయి చేతిలోని గ్లాసు వైపు చూసుకున్నాడు. తల ఎత్తి, "అయితే మానేద్దామేటి, అమ్మా?" అని కూతుర్ని అడిగాడు.

ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "మా అమ్మ మా ఊరిదని సెప్పింది గదా. అయితే మా ఊరిదే. పోయండి."

కుండ ఆమె పక్కనే ఉంది. ఇంకా గ్లాసు తీసుకోనిది అమ్మ ఒక్కతే. ఆమె ముందుకు వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా చెయ్యి చాపింది. కూతురు పోసింది. అమ్మ వంగి కొంచెం బంతినారు మొదట్లో వంచి, మిగిలింది నిలబడే తాగింది. అంబలిదీ మా మట్టిదీ ఇంచుమించు ఒకే రంగు. చిక్కటిది, త్వరగా ఇంకదు. నారు చుట్టూ చిన్న మడుగులా నిలిచి, అంచుల నుంచి నెమ్మదిగా లోపలికి తగ్గుతోంది. అది పూర్తిగా ఇంకేవరకు మా వీధి అంతా దాని చుట్టూ నిలబడి చూస్తూ ఉండిపోయింది.