మంత్రి గుండ్రంగానే నడుస్తాడు

బీజింగులో టోఫు అమ్మే ఫాంగ్ పెద్దమ్మ మూడు రాజవంశాలను చూసింది. మధ్యదాని వయసు నలభై రెండు రోజులు. "ముల్లంగి పచ్చడి కూడా అంతలో సరిగ్గా ఊరదు" అనేది ఆవిడ. పండితులు ఆ పతనానికి సవాలక్ష కారణాలు చెబుతారు. పెద్దమ్మ మటుకు ఒక్క గాడిద పేరు చెప్పేది.

దాని పేరు మంత్రి. సోయా గింజలు రుబ్బే తిరగలి దానిదే. "కళ్ళకు గంతలు కట్టుకుని ఉన్నచోటే తిరుగుతూ దేశం దాటేశాననుకుంటుంది. ఇంకేం పేరు పెట్టను?" మొగుడు పోయాక పద్నాలుగేళ్ళు ఆవిడ కడుపు నింపింది ఆ గాడిదే.

ఆ వసంతంలో రైతుల సైన్యం పాత రాజవంశాన్ని కూల్చి నగరంలోకి వచ్చింది. ధాన్యం పన్ను ఉండదని పాడుకుంటూ వచ్చారు. ఊరంతా తలుపులకు పసుపు కాగితాలు అతికించింది. వాటిమీద ఒకటే అక్షరం: షున్. కొత్త వంశం పేరు అదే, 'లోబడి ఉంటాం' అనే అర్థమూ అదే. పెద్దమ్మ భయపడి అతికించలేదు, సంబరంగా అతికించింది. ఆవిడ పుట్టింటి పొలాన్ని మింగింది ఆ పన్నే మరి.

షాన్సీ నుంచి వచ్చిన కావ్ అనే సిపాయి ఆవిడ ఇంట్లోనే దిగాడు. మొదటి వారం తిరగలి శుభ్రంగా తుడిచి సాయపడ్డాడు. రెండో వారానికి పట్టుచొక్కా తొడిగాడు. మూడో వారంలో టోఫు చల్లారిందని గిన్నె విసిరాడు.

తర్వాత సరిహద్దులో ఉత్తరాది గుర్రపువాళ్ళ చేతిలో ఆ సైన్యం చావుదెబ్బ తిని తిరిగొచ్చింది. కొత్త రాజు ఒకరోజు పట్టాభిషేకం చేసుకుని, మర్నాడే దోచిన వెండితో పడమటికి బయల్దేరాడు. మోయడానికి పశువులు కావాలి. కావ్ పలుపు పట్టుకుని వచ్చాడు.

"అత్తా, మంత్రిని విప్పు."

"వెండి కక్కమని ఊళ్ళో మంత్రులందరినీ చితకబాదారుగా, నావాణ్ణీ వదలరా?"

"తలుపు మీద లోబడి ఉంటామని రాసుకున్నావు. లోబడు."

పెద్దమ్మ వెళ్ళి కాగితాన్ని పర్రున చింపేసింది. "ఇదిగో, ఇప్పుడు లోబడను. నువ్వెందుకురా కత్తి పట్టావు?"

కావ్ నేలచూపులు చూశాడు. "కరువులో పన్నువాళ్ళు మా గాడిదను తోలుకుపోయారు."

"మరి సిగ్గులేదూ?"

సిగ్గుంది. అయినా తోలుకుపోయాడు. వీధిలో వెండి మూటలు ఎక్కించి, గంతలు తీసి, చెర్నాకోల ఝళిపించాడు. మంత్రి కదిలింది, గుండ్రంగా. నాలుగుసార్లు కొట్టాడు, నాలుగు చుట్లు తిరిగింది. వెనక బళ్ళు ఆగిపోయాయి. సర్దారు బూతులందుకున్నాడు.

పెద్దమ్మ గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "పద్నాలుగేళ్ళు తిరగలి తిప్పినది తిన్నగా నడవదని పసిపిల్లాడికైనా తెలుసు. రైతుబిడ్డవి, నలభై రోజుల్లో అదీ మరిచావా! ఆ మాత్రం గుర్తులేనోళ్ళకి రాజ్యమెందుకురా?"

బళ్ళవాళ్ళు పగలబడి నవ్వారు. సర్దారు మూటలు దింపించి, కావ్ వీపు మీదే ఎక్కించాడు. అతను వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు ఆ ఉత్తరాది గుర్రపువాళ్ళే నగరంలోకి వచ్చారు. కొత్త ఏలికకు విధేయంగా తలుపుకు కాగితం అతికించమని గుమ్మం ముందు నిలబడి గద్దించారు.

"జిగురైపోయింది" అంది పెద్దమ్మ, మంత్రికి గంతలు కడుతూ.