ఉపదేశి తాత మోసిన తప్పు

నా చిన్నప్పుడు మంగళవారమంటే నాకు నడక. సోమందేపల్లి దగ్గర మా ఊరి నుంచి గట్ల మీద రెండు మైళ్ళు పోతే రోడ్డు పక్కన మా గుడి వచ్చేది. మేం కథోలికులం. మా వైపు చర్చి అనేవాళ్ళు తక్కువ, గుడి అనే అంటారు. అందులో బాలయేసును ఎత్తుకుని నిలబడిన పునీత అంతోనివారి స్వరూపం ఉండేది. ఎప్పుడో బెంగళూరు నుంచి లారీలో, వరిగడ్డి చుట్టి తెచ్చారట. వరుసగా తొమ్మిది మంగళవారాలు ఆయన ముందు కొవ్వొత్తి వెలిగించి వేడుకుంటే అడిగింది జరుగుతుందని మా వాళ్ళ నమ్మకం.

నాకప్పుడు పదేళ్ళు. అమ్మకు పసిరికలొచ్చాయి. కళ్ళూ గోళ్ళూ పచ్చబడి, తిన్నది ఇమడక మంచం పట్టింది. పసరు పోయించినా తగ్గలేదు. హిందూపురం ఆసుపత్రిలో పదిహేను రోజులుంచి ఇంటికి తీసుకొచ్చారు. అమ్మ కోసం మంగళవారాలు నేను పోతానని నేనే చెప్పాను. బయల్దేరే ముందు అమ్మ పడుకునే నాకు జడ వేసేది. వారం వారం ఆ జడ వదులవుతూ వచ్చింది. ఎనిమిదో మంగళవారం ఆమె చేతులు లేవలేదు. రిబ్బను నా చేతికిచ్చి, ఇంకొక్క వారమే కదా అంది. ఆ శుక్రవారం పొద్దున పోయింది.

తొమ్మిదో మంగళవారం ఇంటి నిండా చుట్టాలు. నేను బయటికి పోవడం ఎవరూ చూడలేదు. కొవ్వొత్తి తీసుకోలేదు. ఎందుకు పోతున్నానో నాకే తెలియదు. గుడిలో ఎవరూ లేరు. అంతోనివారు ఎప్పట్లాగే చిన్నగా నవ్వుతూ ఉన్నారు. ఆ నవ్వు చూసేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. పక్కనున్న ఇనుప కొవ్వొత్తుల స్టాండు రెండు చేతులా ఎత్తి కొట్టాను. బాలయేసు చెయ్యి మోచేతి దగ్గర విరిగి గచ్చు మీద పడింది.

వెనక్కి తిరిగితే పక్క వాకిలిలో ఉపదేశి తాత చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఉపదేశి అంటే, ఫాదర్ రాని రోజుల్లో గుడి చూసుకుంటూ, గంట కొట్టి జపాలు చెప్పించే మనిషి. ముప్పై ఏళ్ళుగా ఆ గుడి తాళం ఆయన మొలతాడుకే ఉండేది. మా అమ్మకు జపాలు నేర్పింది ఆయనే, నాకు నేర్పింది ఆయనే. నాలుగు రోజుల కిందట అమ్మ సమాధి దగ్గర పాట ఎత్తుకున్నదీ ఆయనే.

ఆయన కొట్టలేదు, అరవలేదు. చీపురు గోడకు ఆనించి వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను నరకానికి పోతానా అని అడిగాను. పోవన్నాడు. తన కూతురు పదహారేళ్ళకే పాము కరిచి పోయినప్పుడు, గుడి ఊడుస్తూనే నెల దినాలు అంతోనివారిని నోటికొచ్చినట్టు తిట్టానని చెప్పాడు. ఒక్క మాట మాత్రం నాకు ఇప్పటికీ ఆయన గొంతుతోనే వినిపిస్తుంది.

"నన్ను ఆయన ఏమీ అన్లేదు తల్లీ. నిన్నూ ఏమీ అనడు. ఇంటికి పో, మీ నాయన ఎతుకుతాంటాడు."

ఆదివారం పెనుకొండ నుంచి ఫాదర్‌గారు పూజకు వచ్చారు. అంతోనివారి పండుగ ఇంకో రెండు వారాలే ఉంది. పూజ అయ్యాక, ఎలా విరిగిందని ఆయన నెమ్మదిగానే అడిగారు. నేను ఆడపిల్లల వరసలో నాయన కుట్టించిన గౌను అంచు నలుపుతూ కూర్చున్నాను. ఉపదేశి తాత లేచి చేతులు కట్టుకుని, దుమ్ము దులుపుతుంటే తన చెయ్యి తగిలిందని చెప్పాడు.

మనుషులు చెడ్డవాళ్ళు కాదు. కానీ అందరూ ఒక్కసారే మాట్లాడారు. చూపు తగ్గిందన్నారు, చేతులు వణుకుతున్నాయన్నారు, ఇంక వయసులో ఉన్నవాళ్ళు చూసుకుంటే మంచిదన్నారు. ఆయన తల ఊపి, మొలతాడు నుంచి తాళం విప్పి బల్ల మీద పెట్టాడు. ముడి బిగిసిపోయి విప్పడానికి చాలా సేపు పట్టింది. ఎవరూ సాయం పోలేదు. నేనూ లేవలేదు. ఇంటికొచ్చాక నాయన కూడా, పాపం ముసలాయనకు కండ్లు కనపడ్డం లేదు అన్నాడు. నేను కంచం పక్కకు జరిపి లేచాను.

మర్నాడు తాత వాళ్ళింటికి పరిగెత్తాను. ఆయన వేపచెట్టు కింద వేరుశెనగ కాయలు ఒలుస్తున్నాడు. అందరికీ చెప్పేస్తానని ఏడ్చాను. ఆయన నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"నీకిప్పుడు మీ అమ్మ దుఃఖం ఉండాది. పదేండ్ల పిల్లకు అదే ఎక్కువ బరువు. దాని మీద ఇంకోటి ఎత్తుకోవద్దు. ఇది నాకిడువు, నేను మోస్తా."

గుప్పెడు గింజలు నా గౌను జేబులో పోసి పంపించాడు.

ఆ తర్వాత ఆయన మూడేళ్ళు బతికాడు. ఆదివారాలు చివరి వరసలో, స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. గంట కొట్టే వేళకు మాత్రం ఆయన కుడిచెయ్యి తనకు తెలియకుండానే కొంచెం పైకి లేచేది. చూడలేక నేను కళ్ళు దించుకునేదాన్ని. కనిపిస్తే తల నిమిరి ఏం చదువుతున్నావని అడిగేవాడు. ఆ ఊసు ఎన్నడూ ఎత్తలేదు. చెప్పడానికి నాకు మూడేళ్ళు దొరికాయి. మొదట భయం, తర్వాత సిగ్గు. నేను ధర్మవరంలో సిస్టర్ల హాస్టల్లో ఉన్నప్పుడు ఆయన పోయాడు. నాకు తెలిసేసరికి మట్టి చేసి వారమైంది.

చదువైపోయి హిందూపురంలో టీచరు ఉద్యోగం వచ్చాక, ఒక సెలవునాడు ధైర్యం చేసి ఆయన భార్య దగ్గరికి వెళ్ళాను. అవ్వ ఒక్కతే ఉంది. గడపలో నిలబడి, అవ్వా, నీకొకటి చెప్పాల అన్నాను. ఆమె నా ముఖం చూసి, ముందు చేతులు కడుక్కో అంది. రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టింది. నేను తింటూ ఏడుస్తుంటే మంచినీళ్ళ చెంబు నా దగ్గరికి జరిపి, అప్పుడు చెప్పింది.

"మీ తాత పోయే ముందర నాతో అన్యాడు. ఆ పిల్ల ఎప్పుడో ఒకనాడు వస్తాది, వస్తే ఏమీ అడగొద్దు, కడుపు నిండా పెట్టి పంపు అని. ఇన్నేండ్లూ నీకోసం చూస్తాండా."

తర్వాతి ఆదివారం గుడికి పోయి, ఫాదర్‌గారిని అడిగి, పూజ చివర అందరి ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ ఫాదర్ కొత్తవారు, ఉపదేశి తాత ఎవరో ఆయనకు తెలియదు. కూర్చున్నవాళ్ళలో సగం మంది నా తర్వాత పుట్టినవాళ్ళు. ఆనాటి సంగతి ఇంకా తలుచుకునేవాళ్ళు ముగ్గురో నలుగురో. వాళ్ళలో ఒక పెద్దాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అంతే. నేను ఇవ్వాల్సినది పుచ్చుకోవడానికి తాత లేడు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ప్రేమ అన్నిటినీ భరిస్తుందని గుడిలో బైబిలు చదివినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్ళు తల ఊపుతారు. నేను ఊపలేను. ఒక మనిషి అలా భరిస్తుంటే దగ్గరుండి చూసి, నోరు మూసుకుని కూర్చున్నదాన్ని. మా బడిలో ఏ పిల్లయినా తప్పు చేసి తల వంచుకుని నిలబడితే, ముందు ఆ పిల్ల అన్నం తిందో లేదో కనుక్కునేదాన్ని. చాలాసార్లు ఇంకేమీ అడగాల్సిన పని పడేది కాదు. అది ఆయన ఇచ్చినది. ఆ మూడేళ్ళ మౌనం మాత్రం నాది. దాన్ని మోస్తానని ఎవరొచ్చినా నేను ఇవ్వను.