అక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాగర్‌కర్నూలు వెళ్లాను

"ఏసు లేచిండా తమ్మీ? నువ్వు చరిత్ర పాఠాలు చెప్పేటోనివి. నిజమే చెప్పు."

నాగర్‌కర్నూలు నుంచి అక్క ఫోను. బావ పోయి మూడు నెలలు. ఏసు లేవకపోతే బావా లేవడు, ఇక ఆయన్ను చూసేది లేదు. అదీ ఆమె భయం. ఈస్టరుకు వచ్చి చెబుతానన్నాను.

శనివారం పదిన్నరకు గద్వాలలో బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు, నాకు సీటు లేదు. ఏసు లేవకుండానే లేచాడన్న మాట ఎలా పుట్టి ఉంటుందో నోట్‌బుక్కులో నాలుగు కారణాలు రాసుకున్నాను. శిష్యులు శవాన్ని ఎత్తుకుపోయారు. ఆడవాళ్లు చీకట్లో వేరే సమాధికి వెళ్లారు. దుఃఖంలో ఆయన కనిపించినట్టు అనిపించింది. కథ చెప్పగా చెప్పగా పెరిగింది.

పక్కన నిలబడ్డ ధరూర్ రైతు సంగతంతా విని మొదటిది కొట్టేయించాడు. "మా బోరుమోటరు ఎత్కపోయినోడు రెండు దెబ్బలకే ఒప్పుకుండు సార్. వీళ్లు పానం పోయినా ఒప్పుకోలేదంటివి. ఎత్కపోయుండరు."

వనపర్తిలో భోజనం. పప్పు బాగుంది, పెరుగు పులిసింది. రెండింటి బస్సు రెండున్నరకు వచ్చింది. నాలుగున్నరకు అక్క ఇంట్లో ఉన్నాను.

ఆదివారం తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్లాం. పండుగకని ముందురోజే అందరూ సున్నం వేస్తారు, అన్నీ ఒకేలా ఉన్నాయి. నేను ముందు నడిచి, బంతిపూల దండ వేసి, కొవ్వొత్తి వెలిగించి దండం పెట్టాను.

"అది పోస్టుమాన్‌ది. బావ గీడున్నడు," అంది అక్క, దూరం నుంచి. ఆమె చేతిలో దీపం కూడా లేదు. రెండోది కొట్టేశాను.

నా నమ్మకమంతా మూడోదాని మీదే. "బావ ఎప్పుడన్నా అగుపడ్డడా అక్కా?"

"ఒక్కనాడు గూడ అగుపడలే. రోజూ తలుపు దిక్కే చూస్త. అగుపడితే నిన్నెందుకు పిలుస్త?"

నాకు ఏడుపొచ్చింది. పెన్ను జేబులో పెట్టేశాను.

"మరి లేచిండా?"

"తెల్వదక్కా. చూసినమన్నోళ్లు అబద్ధమాడలేదనిపిస్తది. అంతే."

"లేవలేదని గూడ తెల్వదు గద?"

"తెల్వదు."

"గట్లయితే సరే. పో, గా దండ తీస్కరా."

వెళ్లేసరికి పోస్టుమాన్ భార్య అక్కడ మోకాళ్ల మీద ఉంది. "నాకంటె ముందు ఎవరొచ్చిన్రయ్యా? మాకెవరూ లేకపాయిరి గద!" ఏడుస్తూనే నవ్వుతోంది. దండ తీయకుండానే వెనక్కి వచ్చాను. పాస్టరుగారు వచ్చేసరికి కొవ్వొత్తి దానంతటదే వెలిగిందని జనం చెప్పుకుంటున్నారు.

తొమ్మిదింటి బస్సులో సీటు దొరికింది. కథ చెప్పగా చెప్పగా పెరుగుతుందన్న నాలుగో కారణానికి రుజువు నేనే. అక్కకు నిజం చెప్పాను. పోస్టుమాన్ భార్యకు చెప్పడానికి నోరు రాలేదు.