అత్త వండిన చేపల్లేని పులుసు

మొన్న మా అమ్మాయి నన్ను మా ఊరి వైట్ టౌన్‌లో, అంటే ఒకప్పటి ఫ్రెంచివాళ్ళ పేటలో, ఒక హోటలుకి తీసుకెళ్ళింది. పాత ఫ్రెంచి ఇల్లు, పసుపు రంగు గోడలు, వాకిట్లో కాగితంపూల తీగ, చూడ్డానికి ముచ్చటగా ఉండి కూర్చుంటే నడుం విరగ్గొట్టే కుర్చీలు. మెనూ కార్డు చేతికిస్తే కళ్ళజోడు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను. ఒకచోట, పక్కన చిన్న ఆకుబొమ్మ వేసి, చేపలు లేని చేపల పులుసు అని ఇంగ్లీషులో రాసి ఉంది. వడ్డించే పిల్ల వంగి, ఇది మా వంటాయన కొత్తగా కనిపెట్టింది మేడమ్, చాలామంది అడుగుతున్నారు అంది. నాకు నవ్వాగలేదు. రెడ్డియార్‌పాళయంలో మా మేనత్త ఆ పులుసుని ప్రతి ఆదివారం కనిపెట్టేది. ఆమె కనిపెట్టిన సంగతి ఇన్నేళ్ళుగా ఏ వంటాయనకీ తెలియకపోవడమే వింత.

మా మామ, అంటే ఆ మేనత్త భర్త, మిల్లులో ఫిట్టరు. వారంలో ఆరు రోజులు మిల్లుకి, ఏడోరోజు చేపలకి. ఆదివారం తెల్లారగానే సైకిలు హ్యాండిలుకి వైరు బుట్ట తగిలించుకుని ఊరికి ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న కుప్పానికి, అంటే జాలరుల పేటకి, బయల్దేరేవాడు. ఇంటికి దగ్గర్లోనే చేపల అంగళ్ళు ఉన్నా వాటి మొహం చూసేవాడు కాదు. "ఈడుండేదంతా మొన్నటి చేపమ్మా, అది యాడ పుట్టిందో దానికే గుర్తుండదు" అనేవాడు నాతో. పడవ దిగిన చేపనే కొనాలి, అదీ మొప్ప ఎత్తి ఎరుపు చూసి, వేలితో నొక్కి, వాసన చూసి, అమ్మే ఆమెతో ఒక విడత పోట్లాడి కొనాలి. పెళ్ళిచూపుల్లో మా అత్తని కూడా ఇంతసేపు చూడలేదని మా నాన్న ఏడిపించేవాడు. అత్త ఏనాడూ చేపలు కొని ఎరగదు. అది ఆయన రాజ్యం. ఆయన సైకిలెక్కగానే ఈమె పెరట్లో రుబ్బురాయి ముందు కూర్చునేది. చింతపండు నానేసి, కొబ్బరి, మిరియాలు, ధనియాలు, చిన్న ఉల్లిపాయలు వేసి మెత్తగా రుబ్బేది. మసాలా రాయి మీంచి తీసి గిన్నెలోకి ఎత్తుతుంటే వీధి మొదట్లో సైకిలు బెల్లు మోగేది. ఇద్దరిలో ఎవరు ఎవర్ని చూసి సమయం కుదుర్చుకునేవాళ్ళో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ ఆదివారం మసాలా గిన్నెలోకి ఎత్తాక కూడా బెల్లు మోగలేదు. కాసేపటికి వీధిలో జనం పరుగులు పెట్టారు. సముద్రం ఊళ్ళోకొచ్చింది అన్నారు ఎవరో. సునామీ అనే మాట అప్పటికి మాలో ఎవరి నోటా లేదు. వైట్ టౌన్ దగ్గర పాతకాలం నాటి రాళ్ళగోడ నీళ్ళని ఆపింది గాని, కుప్పాలకి గోడ ఎక్కడిది? మా నాన్న, మామ వాళ్ళ అన్న, ఇంకా వీధిలో మగవాళ్ళంతా అటు పరిగెత్తారు. ఆడవాళ్ళం అత్త చుట్టూ చేరాం. ఆమె ఏడవలేదు. గిన్నె మీద పళ్ళెం మూసి వాకిట్లో కూర్చుంది. మధ్యాహ్నం దాటాక, బడికెళ్ళే వయసున్న ఆమె కూతురు ఆకలేస్తోందమ్మా అంది. అత్త లేచి లోపలికెళ్ళి, చింతపండు పిసికి, ఆ మసాలా వేసి, ఇంట్లో ఉన్న నాలుగు వంకాయలూ ఒక మునక్కాయా కోసి అందులో పడేసింది. మా ఇంట్లో చేపల్లేని చేపల పులుసు పుట్టింది ఆ పూటే. చేపకి తగిన ఘాటు, చేపకి తగిన పులుపు, అన్నీ ఉన్నాయి. మేమందరం తలొంచుకుని తిన్నాం.

సైకిలు దొరికింది. ముళ్ళకంపలో చిక్కుకుని, చక్రం వంకరపోయి, తాళం వేసింది వేసినట్టే ఉంది. మామ దొరకలేదు. ఆస్పత్రుల్లో వరసగా పడుకోబెట్టిన వాళ్ళని మా నాన్న ఒక్కొక్కరినీ చూసొచ్చాడు. ఆ తర్వాత చాలాకాలం ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఒడ్డు పొడుగునా ఊళ్ళన్నీ అడిగారు. ఉన్నాడని చెప్పినవాళ్ళు లేరు, పోయాడని చెప్పినవాళ్ళూ లేరు. ఇంట్లో మనిషి చచ్చిపోతే ఏం చెయ్యాలో మాకు తెలుసు. ఏ రోజు ఎవరు రావాలో, ఎవరు ఏం తేవాలో అన్నీ నోటికొచ్చు. దొరకని మనిషికి ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలీదు. ఏడ్చి మొదలుపెడదామన్నా మొదలెక్కడో తెలీలేదు.

కొన్నాళ్ళు ఆగి పెద్దలు వచ్చారు. దర్భగడ్డితో మనిషి బొమ్మ చేసి దహనం చేస్తే సరిపోతుంది, శాస్త్రంలో ఉంది అన్నారు. అత్త వాళ్ళకి కాఫీలు ఇచ్చి, గుమ్మం దగ్గర నిలబడి అంది: "పోయింది చూసినోళ్ళు ఒకరన్నా ఉంటే రమ్మనండి, ఇప్పుడే తీసిస్తా. గడ్డిబొమ్మ కోసరమని నా తాళి తీసేదేంది?" కాఫీ తాగి వెళ్ళిపోయారు పాపం. అత్త నుదుటి బొట్టు అలాగే ఉంది. మామ ఫోటో గోడెక్కలేదు. మా ఇళ్ళల్లో గోడ మీదున్న పటాలన్నీ పోయినవాళ్ళవే. ఆయన మాత్రం బల్లమీద రేడియోకి ఆనుకుని, దండా గిండా లేకుండా, బజారుకి బయల్దేరుతున్నవాడిలా ఉండేవాడు. వీధిలో కొందరు పేరంటానికి పిలిచేవాళ్ళు, కొందరు ఆమె గుమ్మం దాటి పక్కింటికెళ్ళి పిలిచేవాళ్ళు. అత్త ఎవరినీ పట్టించుకోలేదు.

ఆ అలల తర్వాత ఊరంతా కొన్నాళ్ళు చేపలు మానేసింది. ఎందుకో చెప్పక్కర్లేదు. నెమ్మదిగా అందరూ మళ్ళీ మొదలుపెట్టారు. అత్త ఇంట్లో మాత్రం మొదలవలేదు. ఆదివారం వస్తే రుబ్బురాయి, మసాలా, చింతపండు, అందులో ఒక వారం వంకాయ, ఒక వారం మామిడికాయ, ఒక వారం అరటికాయ ముక్కలు. సముద్రమంటే అసహ్యం పుట్టిందేమో అనుకున్నాం. ఒకసారి నేను ఉండబట్టలేక, నేను తెచ్చిపెట్టనా అత్తా అని అడిగాను. "తెచ్చేవాడు తెస్తే వండుతా. మసాలా సిద్ధంగానే ఉండాదే" అంది. అసహ్యం కాదని అప్పుడు తెలిసింది. ఆమె ప్రతి ఆదివారం తన సగం పని చేసి పెడుతోంది, అంతే.

ఏళ్ళు గడిచి కూతురికి పెళ్ళి కుదిరింది. అసలు చిక్కు అక్కడొచ్చింది. మా వైపు పెళ్ళి పందిరి వేసేముందు ఇంట్లో పోయినవాళ్ళందరికీ పడయల్ పెడతాం. అంటే వాళ్ళ పటాల ముందు ఆకులు పరిచి, బతికున్నప్పుడు ఎవరికేది ఇష్టమో అది వడ్డించి, కర్పూరం వెలిగించి, పెళ్ళి సంగతి చెప్పుకోవడం. మా తాత ఆకులో చుట్ట ఉంటుంది. పక్కన చిన్న సీసా కూడా ఉంటుంది, అవ్వ పటం అటు తిరిగి ఉందనే ధైర్యంతో. తర్వాత ఆ ఆకుల్లో ఇంటివాళ్ళే కూర్చుని తింటారు. మామ వాళ్ళ అన్న వచ్చి, తమ్ముడికీ ఒక ఆకు వెయ్యాలన్నాడు. "కన్న తండ్రికి పెట్టకుండా పందిరి కాలు నాటేదెట్లమ్మా? వాడి దీవెన ఉండొద్దా?" అత్త ఊరుకుంటుందా? "బతికుండే మనిషికి పడయల్ పెడితే ఆయుసు తరిగేది ఎవురికి? మీకా?" ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, అయితే పందిరి పనికి నన్ను పిలవొద్దు అని వెళ్ళిపోయాడు. పెళ్ళివారికి కబురు పోయింది. వాళ్ళు మర్యాదస్తులే, కానీ పిల్ల తండ్రి ఉన్నాడా లేడా అనే ప్రశ్నకి జవాబు అడగడం తప్పేమీ కాదు కదా.

ఆఖరికి మాట్లాడింది పెళ్ళికూతురే. అప్పటిదాకా నోరెత్తని పిల్ల, తల్లి పక్కన పీటేసుకుని కూర్చుని అంది: "మా, నాయన ఉండాడో లేదో నాకు తెల్దు. యాడుండినా నా పెండ్లి సంగతి ఆయనకి చెప్పల్ల గదా. చెప్పకుండా నేను పీట మీద కూసోను." అత్త చాలాసేపు ఉల్లిపాయలు వలుస్తూనే ఉంది. వలవాల్సినవి అయిపోయాక, నన్ను చూసి ఆదివారం నాతో కుప్పానికి రావే అంది.

ఇద్దరం ఆటోలో వెళ్ళాం. ఒళ్ళో కొత్త వైరు బుట్ట. సముద్రం ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది. అత్త దానివైపు చూడకుండా నేరుగా చేపలమ్మే ఆమె ముందుకెళ్ళి నిలబడింది. వాళ్ళు మాట్లాడుకున్నది తమిళంలో, నేను మన మాటల్లో చెప్తున్నాను. ఏం చేప కావాలక్కా అంది ఆమె. "నాకేం తెలుసు. మా ఇంటాయన తెచ్చేది" అంది అత్త. అయితే ఆయన్నే పంపించొచ్చు కదా అని నవ్విందామె. అత్త అంది: "పంపించినా. ఈడికే పంపించినా."

చేపలామె చెయ్యి ఆగిపోయింది. దొరికినాడా అని అడిగింది. అత్త తల అడ్డంగా ఊపింది. "మా పెద్దోడు గూడా" అంది ఆమె. అంతే. ఆమె తట్ట అడుగు దాకా వెతికి, ఒక మంచి వంజరం చేప తీసి, మొప్ప ఎత్తి ఎరుపు అత్తకి చూపించింది. అత్త కూడా ఏదో తెలిసినదానిలా వేలితో నొక్కి, వాసన చూసింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పక్కకి తిరిగాను.

ఇంట్లో అందరూ చేరారు. మామ అన్నగారు కూడా, అలిగిన మొహంతోనే, ముందే వచ్చి కూర్చున్నాడు. పటాల ముందు ఆకులు వేశారు, తాతకి, అవ్వకి, మిగతావాళ్ళకి. అత్త మామ ఆకు అక్కడ వెయ్యలేదు. మేం భోజనానికి కూర్చునే వరసలో, కూతురి పక్కన వేసింది. నీళ్ళ చెంబు పెట్టింది. అన్నం, దానిమీద పులుసు, పెద్ద ముక్క ఏరి వడ్డించింది. కర్పూరం వెలిగించలేదు. కూతుర్ని పిలిచి, చెప్పుకోవే అంది. పిల్ల ఆ ఆకు ముందు వంగి గొణుక్కుంది, ఏం చెప్పిందో మాకు వినబడలేదు. అందరం వంచిన తలలు ఎత్తేసరికి అత్త ఆ ఆకు ముందు కూర్చుని అన్నం కలుపుతోంది. పెద్దాయన, అదేందమ్మా అన్నాడు. అత్త ముద్ద ఆపకుండానే జవాబు చెప్పింది: "పోయుంటే, పడయల్ పెట్టిన ఆకులో ఇంటోళ్ళే గదా తినేది. బతికుంటే, మొగుడు తిన్న ఆకులో పెండ్లామే గదా తినేది. ఎట్లయినా ఈ ఆకు నాదే." పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, పులుసు నాక్కూడా వెయ్యమ్మా అన్నాడు. మర్నాడు పందిరి కాలు దగ్గరుండి నాటించింది ఆయనే.

హోటల్లో ఆ పులుసు తిన్నాను. బాగానే ఉంది, ఘాటు తక్కువ. ఇంటికొచ్చే దారిలో అత్త ఇంట్లో ఆగి సంగతంతా చెప్పాను. ఇప్పుడు ఆమెకి చూపు తగ్గింది, నోరు తగ్గలేదు. "చేపే లేకుండా మనుషులు ఇష్టపడి తింటారా? ఏం కష్టమొచ్చిందే వాళ్ళకి?" అంది. ఆదివారం కాబట్టి రాత్రి భోజనం వేళకి కూతురూ అల్లుడూ వచ్చారు. వస్తూ వంజరం తెచ్చారు. వరసలో ఎప్పటిలాగే ఒక ఆకు ఎక్కువ వేసి వడ్డించి, కాసేపు ఆగి, అత్త వెళ్ళి దాని ముందు కూర్చుంది. కాలం అందరి ఆకులూ ఎత్తేసుకుంటూ పోతూనే ఉంది. ఆ ఆకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, మా అత్త తిని లేచేదాకా నిలబడాల్సిందే.